మొక్కల్లోని రసాయనాలు మన డీఎన్‌ఏను కాపాడతాయా? ల్యాబ్ ఫలితానికీ మనిషి శరీరానికీ మధ్య ఉన్న దూరం

ఫలానా ఆకు సారం కణాల్లోని డీఎన్‌ఏను కాపాడుతుందని శాస్త్రవేత్తలు తేల్చారన్న వార్త తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. ఒకసారి పండు, ఇంకోసారి వేరు, మరోసారి గింజ. ఇలాంటి వార్తల్లో చాలావాటి వెనుక నిజంగా జరిగిన ప్రయోగమే ఉంటుంది. అయినా అది చదివిన మనిషికి ఏం అర్థం చేసుకోవాలో తెలియదు. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ వార్త ఆశ పెడుతుంది, ఆ ఆశను నమ్ముకుని క్యాప్సూల్స్ అమ్మేవాళ్లూ ఉంటారు. కాబట్టి ఈ విషయాన్ని మొదటి నుంచీ విడదీసి చూడటం అవసరం.

"డీఎన్‌ఏను కాపాడుతుంది" అన్న మాట విన్నప్పుడు తేలాల్సినవి చాలా ఉన్నాయి. ఏ రకం దెబ్బ నుంచి? ఏ కణంలో? ఎంత మోతాదులో? దేనితో కొలిచి చెప్పారు? వీటిలో ఒక్కటి మారినా జవాబు మారిపోతుంది. కొన్నిసార్లు పూర్తిగా తిరగబడుతుంది కూడా.

డీఎన్‌ఏకు తగిలే దెబ్బ వేరు, మ్యుటేషన్ వేరు

మనిషి కణంలో తల్లి నుంచి వచ్చిన కాపీ, తండ్రి నుంచి వచ్చిన కాపీ కలిపి సుమారు 600 కోట్ల అక్షర జతల డీఎన్‌ఏ ఉంటుంది. అక్షరాలు మాత్రం నాలుగే: ఎ, టి, జి, సి. రెండు పోగుల్లో ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి ఉంటాయి. ఈ అణువు నీటిలో, ఆక్సిజన్ తిరుగాడే చోట, శరీర వేడిలో ఉంటుంది. అందుకే బయటి నుంచి ఏ విషమూ రాకపోయినా అది చెడుతూనే ఉంటుంది. నీటితో జరిగే చర్య వల్లే ఒక్కో కణంలో రోజుకు పదివేల దాకా ఎ, జి అక్షరాలు పోగు నుంచి ఊడిపోతాయని 1970లలో శాస్త్రవేత్త తోమస్ లిండాల్ లెక్కకట్టారు.

దెబ్బల్లో రకాలున్నాయి. ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు అక్షరాల రసాయన రూపాన్ని మారుస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పక్కపక్కన ఉన్న రెండు టి అక్షరాలను ఒకదానికొకటి అతికిస్తాయి. పొగాకు పొగలోని బెంజోపైరీన్ శరీరంలో రూపం మార్చుకుని డీఎన్‌ఏకు ముద్దలా అంటుకుంటుంది. ఎక్స్‌రేలు, గామా కిరణాలు రెండు పోగులనూ ఒకే చోట తెంచగలవు. వీటన్నింటినీ "డీఎన్‌ఏ డ్యామేజ్" అనే అంటారు కానీ ఒకదాన్ని ఆపే పదార్థం ఇంకోదాన్ని కూడా ఆపాలని ఏమీ లేదు.

దెబ్బ మ్యుటేషన్‌గా, అంటే డీఎన్‌ఏ రాతలో శాశ్వత మార్పుగా, ఎలా మారుతుందో ఒక్క ఉదాహరణ చూద్దాం. జి అక్షరం ఆక్సీకరణ చెందితే 8-ఆక్సోగ్వానిన్ అవుతుంది. కణం విభజనకు ముందు డీఎన్‌ఏను కాపీ చేసేటప్పుడు ఈ మారిన జి కొన్నిసార్లు సి బదులు ఎ తో జతకడుతుంది. తర్వాతి విభజనలో ఆ ఎ తనకు ఎదురుగా టి ని తెచ్చుకుంటుంది. మొదట జి-సి ఉన్న చోట ఇప్పుడు టి-ఎ ఉంది. మొదటి కాపీకి ముందే మరమ్మతు జరిగి ఉంటే దెబ్బ ఆనవాలు లేకుండా పోయేది. రెండు కాపీల తర్వాత మాత్రం ఆ మార్పు శాశ్వతం. రెండు పోగులూ ఒకదానికొకటి సరిగ్గా సరిపోతాయి కాబట్టి అక్కడ తప్పు జరిగిందని కణం పసిగట్టలేదు.

మరమ్మతు ముందే ఉంది

మన కణాలు ఈ దెబ్బలను ఎదుర్కోవడానికి మొక్కల కోసం ఎదురుచూడవు. చెడిన ఒక్క అక్షరాన్ని కత్తిరించి కొత్తది పెట్టే వ్యవస్థ ఉంది. అతుక్కున్న అక్షరాలున్న ముక్కను మొత్తంగా తీసేసి తిరిగి రాసే వ్యవస్థ ఉంది. కాపీ చేసేటప్పుడు పడిన తప్పులను దిద్దే వ్యవస్థ ఉంది. వీటిని వివరించినందుకు లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఈ వ్యవస్థల విలువ ఎంతో జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జన్యు వ్యాధి చూపిస్తుంది. ఆ వ్యాధి ఉన్నవాళ్లలో అతినీలలోహిత దెబ్బను సరిచేసే వ్యవస్థలో ఒక భాగం పనిచేయదు. వాళ్లకు చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ వచ్చే ముప్పు మామూలు వాళ్లకంటే వేల రెట్లు ఎక్కువ.

కాబట్టి ఒక మొక్క రసాయనం "కాపాడింది" అంటే ఏదైనా కావచ్చు. హాని చేసే పదార్థం కణం దాకా రాకుండా ఆపి ఉండవచ్చు. కణంలోకి వచ్చాక దాన్ని నిర్వీర్యం చేసే ఎంజైములను పెంచి ఉండవచ్చు. మరమ్మతును వేగవంతం చేసి ఉండవచ్చు. లేదా బాగుచేయలేనంత దెబ్బతిన్న కణం చనిపోయేలా చేసి ఉండవచ్చు. చివరిది ఆ కణానికి రక్షణ కాదు, శరీరానికి మాత్రం రక్షణే.

యాంటీఆక్సిడెంట్ వివరణ ఎక్కడ ఆగిపోతుంది

జనంలో బాగా నాటుకుపోయిన వివరణ ఇది: శరీరంలో ఫ్రీ రాడికల్స్ అనే హానికర అణువులు పుడతాయి, మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్లు వాటిని పట్టి తటస్థం చేస్తాయి. పరీక్షనాళికలో ఇది అక్షరాలా నిజం. శరీరంలో లెక్క వేసి చూస్తే మాత్రం ఈ కథ నిలబడటం కష్టం.

కణంలో గ్లూటాథయోన్ అనే సొంత యాంటీఆక్సిడెంట్ ఎప్పుడూ తయారవుతూ ఉంటుంది. దాని గాఢత 1 నుంచి 10 మిల్లీమోలార్ (లీటరులో ఎన్ని అణువులున్నాయో చెప్పే కొలత). మధ్యలో 5 తీసుకుందాం, అంటే 5,000 మైక్రోమోలార్. పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు మంచి మోతాదులో తిన్నాక కూడా రక్తంలో సాధారణంగా 1 మైక్రోమోలార్ దాటవు. మొక్క నుంచి వచ్చిన ఒక్క అణువు పక్కన శరీరం సొంతంగా చేసుకున్నవి ఐదు వేలు ఉన్నాయన్నమాట. పైగా డీఎన్‌ఏను బాగా దెబ్బతీసే హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన తర్వాత సెకనులో వందకోట్లవ వంతు కాలంలోనే పక్కనున్న దేనితోనైనా చర్య జరుపుతుంది. అంత అరుదుగా ఉన్న మొక్క అణువు సరిగ్గా అదే చోట, అదే క్షణంలో ఉండి దాన్ని పట్టుకునే అవకాశం దాదాపు లేదు.

పండ్లు తిన్నాక రక్తంలో "యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం" పెరగడం నిజమే. కానీ ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఫ్లేవనాయిడ్ల (పాలీఫినాల్స్‌లో ఒక రకం) వల్ల కాదని, పండులోని ఫ్రక్టోజ్ వల్ల పెరిగిన యూరిక్ ఆమ్లం వల్లనని పరిశోధకులు లొటిటో, ఫ్రై 2006లో చూపారు. ఆహార పదార్థాలకు యాంటీఆక్సిడెంట్ స్కోర్లు ఇచ్చే ఓరాక్ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం రుజువు కాలేదని, వాటిని వ్యాపారానికి తప్పుగా వాడుతున్నారని కారణం చెప్పింది. ఇంత జరిగినా ప్యాకెట్ల మీద ఆ భాష ఇంకా పోలేదు.

తక్కువ మోతాదు ఎలా పనిచేయగలదు

అయితే మొక్కల రసాయనాలు పనికిరావనా? అలా తేల్చేయడం కూడా తొందరపాటే. ఇక్కడి నుంచే అసలు ఆసక్తికరమైన భాగం మొదలవుతుంది.

ఈ రసాయనాల్లో చాలావాటిని మొక్కలు పురుగుల నుంచి, బూజు నుంచి తమను తాము కాపాడుకోవడానికి తయారుచేసుకుంటాయి. మన శరీరం కూడా వాటిని పోషకాలుగా కాక బయటి పదార్థాలుగానే చూస్తుంది. వదిలించుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నంలో మేల్కొనే వ్యవస్థే మనకు మేలు చేయవచ్చు.

దీనికి మంచి ఉదాహరణ సల్ఫోరాఫేన్. బ్రోకలీలో ఇది నేరుగా ఉండదు. దాని ముడి రూపం ఒక చోట, దాన్ని విడగొట్టే ఎంజైమ్ వేరే చోట ఉంటాయి. ఆకును కొరికినా, తరిగినా రెండూ కలిసి సల్ఫోరాఫేన్ పుడుతుంది. 1992లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ టలాలే బృందం దీన్ని వేరుచేసి, కణాల్లో విషాన్ని తొలగించే ఎంజైములను ఇది పెంచుతుందని చూపింది. తర్వాతి ఏళ్లలో ఆ యంత్రాంగం స్పష్టమైంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్‌ను కీప్1 అనే ఇంకో ప్రొటీన్ మామూలుగా పట్టి ఉంచి, ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంది. సల్ఫోరాఫేన్ కీప్1కు అంటుకోగానే ఆ పట్టు సడలుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి గ్లూటాథయోన్ తయారీకి, విషాలను నిర్వీర్యం చేయడానికి పనికొచ్చే ఎన్నో జన్యువులను పనిలోకి దింపుతుంది.

గాఢత చిక్కు ఇక్కడ వీడిపోతుంది. రాడికల్స్‌ను ఒక్కొక్కటిగా పట్టుకోవాలంటే మొక్క అణువులు చాలా కావాలి. ఒక సంకేతం పంపాలంటే కొద్దిగా చాలు. ఆ రసాయనం శరీరం నుంచి వెళ్లిపోయాక కూడా, తయారైన ఎంజైములు కొంతకాలం పనిచేస్తూ ఉంటాయి. ఈ రంగంలో పనిచేసేవాళ్లలో చాలామంది ఇప్పుడు పాలీఫినాల్స్‌ను యాంటీఆక్సిడెంట్లుగా కంటే ఇలా తేలికపాటి ఒత్తిడితో కణాన్ని అప్రమత్తం చేసేవిగానే చూస్తున్నారు. నాకూ ఉన్న ఆధారాలకు సరిపోయే వివరణ ఇదేననిపిస్తుంది.

ఇందులోనూ ఒక ముడి ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కొన్నింటిలో కీప్1 జన్యువు చెడిపోయి ఎన్‌ఆర్‌ఎఫ్2 ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. అదే రక్షణ అక్కడ క్యాన్సర్ కణానికి కవచమై, మందులను తట్టుకునే బలం ఇస్తుంది.

ల్యాబ్ పళ్లెంలో కనిపించేది శరీరంలో ఎందుకు కనిపించదు

పసుపులోని కర్కుమిన్‌తో లెక్క వేద్దాం. ల్యాబ్‌లో కణాల మీద 20 మైక్రోమోలార్ కర్కుమిన్ పోసి డీఎన్‌ఏ దెబ్బ తగ్గిందని చూపారనుకుందాం. కర్కుమిన్ అణుభారం 368 కాబట్టి అది లీటరుకు దాదాపు 7.4 మిల్లీగ్రాములు. మనుషులకు రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్కుమిన్ ఇచ్చిన ఒక అధ్యయనంలో రక్తంలో అత్యధిక గాఢత సగటున 1.77 మైక్రోమోలార్ దగ్గరే ఆగింది. అంటే పళ్లెంలో ఉన్నదానిలో పదో వంతు కూడా కాదు. ఇంకో అధ్యయనంలో 8 గ్రాముల దాకా ఇచ్చినా రక్తంలో కర్కుమిన్ జాడే దొరకలేదు. పసుపు పొడిలో కర్కుమిన్ 3 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి 8 గ్రాములంటే పావు కిలోకు పైగా పసుపు. రక్తంలోకి చేరే కొద్దిపాటి కర్కుమిన్ కూడా చాలావరకు పేగుల్లో, కాలేయంలో వేరే సమ్మేళనాలుగా మారిపోయి ఉంటుంది. పళ్లెంలో పరీక్షించిన అణువు అది కాదు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. పేగు లోపలి పొర కణాలు తిన్నదాన్ని నేరుగా తాకుతాయి. అక్కడ గాఢత రక్తంలో కంటే చాలా ఎక్కువగా ఉండగలదు. రక్తంలోకి చేరదు కాబట్టి ఎక్కడా పనిచేయదు అన్న వాదన పేగుల విషయంలో చెల్లదు.

పళ్లెంలో ఇంకో పొరపాటు కూడా దాగి ఉంటుంది. కణాలను పెంచే ద్రవంలో పాలీఫినాల్స్ తమంతట తామే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయని బ్యారీ హాలివెల్ బృందం చూపింది. అప్పుడు కణంలో కనిపించిన మార్పు మొక్క రసాయనం వల్ల వచ్చిందా, ఆ పెరాక్సైడ్ వల్ల వచ్చిందా? దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది. డీఎన్‌ఏను దెబ్బతీయడానికి పరిశోధకులే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, అదే ద్రవంలో మొక్క సారాన్ని కూడా ఉంచితే, రెండూ కణం బయటే ఒకదాన్నొకటి ఖర్చు చేసుకోవచ్చు. కణంలోకి ఏమీ వెళ్లకుండానే "రక్షణ" కనిపిస్తుంది.

తోకచుక్క పరీక్ష

మనుషుల్లో డీఎన్‌ఏ దెబ్బను కొలవడానికి ఎక్కువగా వాడేది కామెట్ పరీక్ష. రక్తం నుంచి తెల్లకణాలను తీసి, పల్చటి జెల్‌లో ఉంచి, కణ పొరలను కరిగించి, విద్యుత్ పంపుతారు. తెగని డీఎన్‌ఏ ఉన్నచోటే ఉంటుంది. తెగినచోట వదులైన డీఎన్‌ఏ విద్యుత్ లాగే వైపు జరిగి మైక్రోస్కోప్‌లో తోకలా కనిపిస్తుంది. తోక ఎంత ఉంటే తెగుళ్లు (డీఎన్‌ఏ తెగిన చోట్లు) అన్ని. స్వీడన్ పరిశోధకులు 1984లో దీన్ని మొదలుపెట్టారు. 1988లో నరేంద్ర సింగ్ బృందం క్షార ద్రావణంతో చేసే రూపాన్ని ఇచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది అదే.

పరీక్ష చవక, సున్నితం. అయితే మరమ్మతు చేసే ఎంజైమ్ కూడా చెడిన భాగాన్ని ముందు కత్తిరించాల్సిందే కదా. కాబట్టి ఒక్కోసారి తోక కనిపించడం మరమ్మతు చురుగ్గా సాగుతోందనడానికి గుర్తు కావచ్చు. పైగా రక్తకణంలో తగ్గిన దెబ్బ కాలేయంలోనో రొమ్ములోనో కూడా తగ్గిందని చెప్పలేం. ఆక్సీకరణ దెబ్బ విషయంలో ఇంకా పెద్ద గందరగోళం జరిగింది. యూరప్‌లోని ల్యాబ్‌లు ఒకే రకం నమూనాలను పరీక్షిస్తే అంకెల్లో ఎన్నో రెట్ల తేడా వచ్చింది. నమూనా సిద్ధం చేసేటప్పుడే గాలి తగిలి డీఎన్‌ఏ ఆక్సీకరణ చెందుతోందని తేలింది. 1997లో మొదలైన ఎస్కాడ్ అనే ఉమ్మడి ప్రయత్నం ఈ పద్ధతులను సరిచేయడానికి ఏళ్ల తరబడి పనిచేసింది. అంతకు ముందు వచ్చిన చాలా ఫలితాలను ఈ దృష్టితో మళ్లీ చూడాల్సి వచ్చింది.

అలాగని ఈ కొలత అర్థం లేనిది కాదు. వేర్వేరు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న సుమారు 2,400 మంది పాత కామెట్ ఫలితాలను తీసుకుని, తర్వాతి ఏళ్లలో వాళ్లకు ఏమైందో చూసిన ఉమ్మడి విశ్లేషణ 2021లో వచ్చింది. తెగుళ్లు ఎక్కువగా ఉన్నవాళ్లలో మరణాలూ ఎక్కువగా కనిపించాయి. కాబట్టి తోక చిన్నదవడం మంచి సూచనే అనుకోవడానికి కొంత ఆధారం ఉంది. ఆహారంతో తోకను చిన్నది చేస్తే ఆయుష్షు పెరుగుతుందా అన్నది మాత్రం ఆ అధ్యయనం చెప్పిన విషయం కాదు.

మనుషులకు తినిపించి చూస్తే

స్కాట్లండ్‌లో ఆండ్రూ కాలిన్స్ బృందం 14 మందికి మూడేసి వారాల చొప్పున రోజుకు ఒకటి, రెండు, మూడు కివీ పండ్లు ఇచ్చింది. 2003లో వచ్చిన ఫలితాల ప్రకారం వాళ్ల తెల్లకణాల్లో ఆక్సీకరణ దెబ్బ తగ్గింది, మరమ్మతు సామర్థ్యం పెరిగింది. అయితే పండ్ల సంఖ్య పెరిగిన కొద్దీ ఫలితం పెరగలేదు.

అదే ఏడాది డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనం దీనికి పూర్తిగా భిన్నం. 43 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోజుకు 600 గ్రాముల పండ్లు, కూరగాయలు. రెండో గుంపుకు వాటిలో ఉన్నంత విటమిన్లు, ఖనిజాలు మాత్రగా. మూడో గుంపుకు ఉత్తుత్తి మాత్ర. 24 రోజుల తర్వాత డీఎన్‌ఏ ఆక్సీకరణ దెబ్బలో గానీ, మరమ్మతులో గానీ తేడా లేదు.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయా? అలా అనుకోనక్కర్లేదు. డెన్మార్క్ వాళ్లు పొగతాగని ఆరోగ్యవంతులు. వాళ్లలో దెబ్బ ముందే తక్కువగా ఉంటే తగ్గడానికి పెద్దగా చోటు ఉండదు. వాటర్‌క్రెస్ అనే నీటి ఒడ్డున పెరిగే ఆవ కుటుంబపు ఆకుకూరతో ఉత్తర ఐర్లండ్‌లో చేసిన 2007 నాటి అధ్యయనం ఈ ఊహకు బలం ఇస్తుంది. 60 మంది, రోజుకు 85 గ్రాముల పచ్చి ఆకు, 8 వారాలు. డీఎన్‌ఏ తెగుళ్లు సగటున 17 శాతం తగ్గాయి. పాల్గొన్నవాళ్లలో సగం మంది పొగతాగేవాళ్లు, కొన్ని కొలతల్లో మార్పు వాళ్లలోనే ఎక్కువ. జర్మనీలో 84 మంది ఆరోగ్యవంతులైన పురుషుల్లో సగం మందికి నాలుగు వారాల పాటు రోజుకు 750 మిల్లీలీటర్ల డార్క్ రోస్ట్ కాఫీ, మిగతావాళ్లకు అంతే నీరు ఇచ్చి చూస్తే, కాఫీ తాగినవాళ్లలో తెగుళ్లు తగ్గాయి.

ఇవన్నీ చిన్న అధ్యయనాలు, వారాల్లో ముగిసినవి, రక్తకణాల్లో కొలిచినవి. కాఫీ తాగుతున్నామో నీళ్లు తాగుతున్నామో పాల్గొన్నవాళ్లకు తెలియకుండా దాచడం కూడా సాధ్యం కాదు. అయినా ఇవి నిజమైన మనుషుల్లో, నిజంగా తినగలిగే మోతాదులో వచ్చిన ఫలితాలు. పళ్లెంలోని ఫలితానికంటే వీటికి ఎక్కువ బరువు ఇవ్వాలి.

చీడాంగ్: శత్రువు ఎవరో తెలిసినప్పుడు

నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే స్పష్టమైన మానవ ఆధారం చైనాలో యాంగ్జీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న చీడాంగ్ నుంచి వచ్చింది. అక్కడ కాలేయ క్యాన్సర్ చాలా ఎక్కువ. హెపటైటిస్ బి ఒక కారణం. రెండోది మొక్కజొన్నకు పట్టే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్. కాలేయంలోని ఎంజైములు దీన్ని చురుకైన రూపంలోకి మారుస్తాయి, అది డీఎన్‌ఏలోని జి అక్షరానికి అంటుకుంటుంది. అలా అంటుకుని తర్వాత ఊడిపోయిన ముక్క మూత్రంలోకి వస్తుంది. దాన్ని కొలిస్తే లోపల ఎంత దెబ్బ తగిలిందో అంచనా వేయవచ్చు. అంటే ఇక్కడ దెబ్బ కొట్టేది ఏదో తెలుసు, అది కొట్టే చోటు తెలుసు, దాని ఆనవాలు కూడా తెలుసు. ఆహార పరిశోధనలో ఇంత స్పష్టత అరుదు.

2001లో ప్రచురించిన పరీక్షలో 180 మందికి నాలుగు నెలల పాటు రోజుకు మూడుసార్లు 100 మిల్లీగ్రాముల క్లోరోఫిలిన్ గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. క్లోరోఫిలిన్ అంటే ఆకుపచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్‌ను నీటిలో కరిగేలా రసాయనికంగా మార్చిన రూపం. అది తీసుకున్నవాళ్ల మూత్రంలో ఆ ముక్క 55 శాతం తక్కువగా ఉంది. ఇది పనిచేసే తీరు కూడా సూటిగా ఉంటుంది. పేగులోనే అఫ్లాటాక్సిన్‌కు అతుక్కుని, అది శరీరంలోకి పీల్చుకోబడకుండా చేస్తుంది. రక్తంలోకి చేరాల్సిన పనే లేదు.

తర్వాత అక్కడే 200 మందికి రెండు వారాలు బ్రోకలీ మొలకల పానీయం ఇచ్చి చూశారు. రెండు గుంపుల సగటుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ పానీయం తాగినవాళ్లలో ఎవరి శరీరం ఆ రసాయనాన్ని బాగా గ్రహించిందో, వాళ్లలో దెబ్బ ముక్కలు తక్కువ. ఒకే పానీయం తాగినా గ్రహింపులో మనిషికీ మనిషికీ పెద్ద తేడా ఉంది. పేగుల్లోని సూక్ష్మజీవులు ఇందుకు ఒక కారణం.

చీడాంగ్ గురించి ఇంకో విషయం తెలుసుకోవాలి. 1980ల నుంచి అక్కడి జనం మొక్కజొన్న మానేసి బియ్యం తినడం మొదలుపెట్టారు. శరీరంలో అఫ్లాటాక్సిన్ ఆనవాళ్లు బాగా పడిపోయాయి, కాలేయ క్యాన్సర్ సగానికి పైగా తగ్గింది. చిన్నప్పుడు హెపటైటిస్ టీకా వేయించుకునే అవకాశం లేని తరంలోనే ఈ తగ్గుదల కనిపించింది కాబట్టి దాన్ని టీకా ఖాతాలో వేయలేం. క్లోరోఫిలిన్ దెబ్బను సగానికి తగ్గించింది. విషం తిండిలోంచి పోవడం వల్ల జబ్బే తగ్గింది.

బీటా కెరోటిన్ నేర్పిన పాఠం

క్యారెట్ వంటి వాటికి నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్ రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా ఉందని ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది. ల్యాబ్‌లో అది మంచి యాంటీఆక్సిడెంట్. ఇక మిగిలింది మాత్రగా ఇచ్చి చూడటమే. ఫిన్లండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులను ఎంచుకుని, కొందరికి ఏళ్ల తరబడి రోజుకు 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. 1994లో ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో 18,314 మంది మీద బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి ఇస్తున్న కారెట్ అనే పరీక్షలో 28 శాతం ఎక్కువ రావడంతో 1996 జనవరిలో మాత్రలు ఆపేశారు. అదే కాలంలో 22,071 మంది అమెరికన్ డాక్టర్ల మీద 12 ఏళ్లు సాగిన ఇంకో పరీక్షలో లాభమూ లేదు, నష్టమూ లేదు. వాళ్లలో పొగతాగేవాళ్లు కొద్దిమందే.

ఎందుకిలా జరిగింది? పొగతో నిండిన ఊపిరితిత్తుల్లో, ఆక్సిజన్ ఎక్కువగా ఉండే చోట, అంత గాఢతలో బీటా కెరోటిన్ తానే ఆక్సీకరణ చెంది హానికరమైన ముక్కలుగా విరుగుతుందన్నది బలమైన వివరణ. ఫెర్రెట్ అనే జంతువుల మీద చేసిన ప్రయోగాలు దీన్ని సమర్థించాయి. రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉండటం బహుశా కూరగాయలు బాగా తినడానికి, మొత్తంగా ఆరోగ్యకరంగా జీవించడానికి ఒక గుర్తు మాత్రమే.

డీఎన్‌ఏను తెంచే మొక్కలూ ఉన్నాయి

మొక్క నుంచి వచ్చింది కాబట్టి కణానికి మంచిదే అన్న నమ్మకానికి వైద్య చరిత్రే సమాధానం చెబుతుంది. చైనాలోని క్యాంప్టోథెకా చెట్టు నుంచి దొరికిన క్యాంప్టోథెసిన్, మేయాపిల్ మొక్కలోని పదార్థం నుంచి తయారైన ఎటోపోసైడ్ క్యాన్సర్ మందులకు దారి తీశాయి. అవి డీఎన్‌ఏను విప్పి అతికించే ఎంజైములను అడ్డుకుని, తెగుళ్లు తెగుళ్లుగానే మిగిలేలా చేస్తాయి. వాటి వైద్య విలువ అంతా డీఎన్‌ఏను దెబ్బతీయడంలోనే ఉంది.

అరిస్టలోకియా జాతి మొక్కల్లోని ఆమ్లం సంగతి విషాదం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికల మందులో ఒక మొక్క బదులు పొరపాటున అరిస్టలోకియా చేరింది. వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. వాళ్లలో కిడ్నీలు, మూత్రనాళాలు తీసేసిన 39 మందిని పరీక్షిస్తే 18 మందికి అక్కడ క్యాన్సర్ ఉందని 2000లో వెల్లడైంది. ఆ ఆమ్లం డీఎన్‌ఏకు అంటుకుని, ఎ ఉన్నచోట టి పడేలా ప్రత్యేకమైన ముద్ర వేస్తుంది.

ఈ రెండు కొసల మధ్య క్వెర్సెటిన్ లాంటివి ఉన్నాయి. ఎన్నో పండ్లలో ఉండే ఈ పదార్థం బ్యాక్టీరియా మీద చేసే ఏమ్స్ పరీక్షలో మ్యుటేషన్లు కలిగిస్తుంది. శరీరంలో ఎంజైములు దాన్ని వెంటనే మార్చేస్తాయి కాబట్టి ఆ ప్రభావం అదే తీరులో కనిపించదు. ల్యాబ్‌లో కనిపించిన మేలు శరీరంలో మాయమైనట్టే, ల్యాబ్‌లో కనిపించిన కీడు కూడా మాయం కావచ్చు.

ఇప్పుడు వాదన ఎక్కడ ఉంది

ఆహార పరిశోధకుల్లో ఒక వర్గం వాదన ఇది: క్యాన్సర్ దశాబ్దాల్లో పెరిగే జబ్బు, మూడు నాలుగేళ్ల పరీక్షల్లో అది తేలదు, అందుకే డీఎన్‌ఏ దెబ్బ లాంటి మధ్యంతర కొలతలు కావాలి, వాటిలో మొక్కల ఆహారం సరైన దిశలోనే కనిపిస్తోంది. రెండో వర్గం జబ్బు తగ్గిందా అన్నదే చూడాలంటుంది. 2022లో వచ్చిన కాస్మోస్ పరీక్షలో 21,442 మందిలో సగం మందికి సగటున మూడున్నరేళ్లు రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ ఇచ్చినా క్యాన్సర్లు తగ్గలేదు. పది యూరప్ దేశాల్లో సుమారు ఐదు లక్షల మందిని అనుసరించిన ఎపిక్ అధ్యయనంలో పండ్లు, కూరగాయలు ఎక్కువ తినడానికీ మొత్తం క్యాన్సర్ ముప్పుకీ మధ్య కనిపించిన సంబంధం చాలా స్వల్పం. మొదటి వర్గం చెప్పే కాలవ్యవధి ఇబ్బంది నిజమే. కానీ బీటా కెరోటిన్ అనుభవం తర్వాత, మధ్యంతర కొలత మీద భారం వేసి అంతిమ ఫలితాన్ని ఊహించడానికి రెండో వర్గం ఒప్పుకోకపోవడం నాకు న్యాయంగానే తోస్తుంది.

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ల విషయంలో ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. రేడియేషన్, చాలా కీమో మందులు పనిచేసేదే క్యాన్సర్ కణాల డీఎన్‌ఏను తెంచి. ఒక సప్లిమెంట్ నిజంగా కణాలను డీఎన్‌ఏ దెబ్బ నుంచి కాపాడితే, అది మంచి కణాన్నీ క్యాన్సర్ కణాన్నీ వేరు చేసి చూస్తుందనడానికి హామీ లేదు. స్వీడన్‌లో 2014, 2015లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో యాంటీఆక్సిడెంట్లు ఊపిరితిత్తుల కణితుల పెరుగుదలను, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వ్యాప్తిని వేగవంతం చేశాయి. అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 1,134 మంది ఇచ్చిన వివరాలతో 2020లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్సకు ముందూ చికిత్స సమయంలోనూ యాంటీఆక్సిడెంట్ సప్లిమెంట్లు వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. ఆ తేడా గణాంకపరంగా గట్టిగా నిలిచేంత పెద్దది కాదు, పైగా అది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. అయినా కీమో జరుగుతున్నప్పుడు ఏ క్యాప్సూల్స్ వాడుతున్నారని క్యాన్సర్ డాక్టర్లు అడగడానికి కారణం ఇదే.